వాన తప్పితే భారం ఎవరిది? – వాతావరణ మార్పు, స్త్రీల ఆరోగ్యం, హక్కులు: మన మడకశిర ప్రాంతం నుండి ఒక పరిశీలన

(పూర్వ విద్యార్థిని, ఎం.ఎ.)

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, పరీక్షలకు పనికివచ్చేదీ, ఇంటికి వెళ్ళినప్పుడు కూడా పనికివచ్చేదీ రాయాలని అనుకున్నాను. నేడు పత్రికల్లోనూ, పోటీ పరీక్షల ప్రశ్నపత్రాల్లోనూ 'వాతావరణ మార్పు' అనే మాట తరచుగా కనిపిస్తున్నది. ధ్రువాల్లో మంచు కరగడం, సముద్రమట్టం పెరగడం గురించి మనం చదువుకుంటాం. మన ఊళ్ళకు సముద్రమూ లేదు, మంచూ లేదు. అందుకని ఇది మనకు సంబంధం లేని విషయమని అనుకుంటాం. కానీ మడకశిర, గుడిబండ, రొళ్ళ, అమరాపురం, అగళి మండలాల్లో పుట్టిన ఏ ఆడపిల్లకైనా ఇది చాలా దగ్గరి విషయం. అది ఎలాగో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

1. వాతావరణ మార్పు అంటే ఏమిటి?

ఈరోజు ఎండ, రేపు వాన. ఇది రోజువారీ వాతావరణం. ముప్పై ఏళ్ళో అంతకన్నా ఎక్కువ కాలమో ఒక ప్రాంతంలో ఉండే సగటు ఎండ, వాన, గాలుల తీరును శీతోష్ణస్థితి అంటారు. ఒక సంవత్సరం వాన రాకపోతే అది కరువు. వాన వచ్చే తీరే దశాబ్దాల తరబడి మారిపోతే అది శీతోష్ణస్థితి మార్పు. వాడుకలో దీన్నే వాతావరణ మార్పు అంటున్నాం.

బొగ్గు, పెట్రోలు, డీజిల్ మండించడం వల్లా, అడవులు నరకడం వల్లా గాలిలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పెరుగుతుంది. పరిశ్రమలు రాకముందు గాలిలో ప్రతి పదిలక్షల భాగాలకు ఈ వాయువు సుమారు 280 భాగాలు ఉండేది. ఇప్పుడది 420 దాటింది. ఈ వాయువు భూమి నుండి పైకి పోయే వేడిని పట్టి ఉంచుతుంది. అందువల్ల భూమి సగటు ఉష్ణోగ్రత పెరుగుతున్నది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కల ప్రకారం 2024వ సంవత్సరం అప్పటివరకు నమోదైన వాటిలో అత్యంత వేడి సంవత్సరం. పరిశ్రమలకు ముందటి కాలంతో పోలిస్తే ఆ ఏడాది సుమారు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ వేడి నమోదైంది.

ఇక్కడ మన చెల్లెళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. బొగ్గుపులుసు వాయువు నింపిన గాజు గొట్టం ఎండలో మామూలు గాలి నింపిన గొట్టం కన్నా ఎక్కువ వేడెక్కుతుందని 1856లో ప్రయోగం చేసి చూపించింది యూనిస్ ఫుట్ అనే అమెరికన్ స్త్రీ. గాలిలో ఈ వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని కూడా ఆమె రాసింది. అయితే ఆ వ్యాసాన్ని శాస్త్రవేత్తల సభలో చదివినవాడు జోసెఫ్ హెన్రీ అనే పురుషుడు. తర్వాత వందేళ్ళకు పైగా ఆమె పేరు ఎవరికీ గుర్తు లేదు. ఇదే యూనిస్ ఫుట్ 1848లో సెనెకా ఫాల్స్ అనే ఊరిలో జరిగిన స్త్రీల హక్కుల సభలో ప్రకటనపై సంతకం చేసినవారిలో ఒకరు. కనుక స్త్రీల హక్కులకూ, ఈ శాస్త్రానికీ సంబంధం మొదటి నుండీ ఉంది.

2. మన నేల, మన వాన

మనది వర్షచ్ఛాయా ప్రాంతం. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 553 మిల్లీమీటర్లు మాత్రమే. దేశంలో తక్కువ వాన కురిసే జిల్లాల్లో ఇదొకటని పుస్తకాల్లో చదువుకున్నాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాను విభజించినప్పుడు మన మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు మారింది గానీ మేఘం దారి మారలేదు.

"కరువు మనకు కొత్తా?" అని పెద్దలు అడుగుతారు. నిజమే. 1876–78 నాటి ధాత కరువు గురించి వినని ఇల్లు రాయలసీమలో ఉండదు. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడనే లేదు. అది 1882లో బళ్ళారి జిల్లా నుండి విడివడింది. కాబట్టి కరువును పూర్తిగా వాతావరణ మార్పు ఖాతాలో వేయడం సరికాదు. అయితే గాలి వేడెక్కినకొద్దీ అది ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచుకుంటుంది. అందువల్ల వానల మధ్య ఎడం పెరుగుతుంది, కురిసినప్పుడు ఒక్కసారిగా కుండపోతగా కురుస్తుంది. మెట్ట సేద్యం చేసేవారికి మొత్తం వాన ఎంత అన్నదానికన్నా ఏ కార్తెలో పడింది అన్నదే ముఖ్యం. విత్తడానికి వాన వచ్చి, వేరుశనగ ఊడలు దిగే దశలో ఇరవై ముప్పై రోజులు మొహం చాటేస్తే, ఆ తర్వాత ఎంత కురిసినా కాయ పట్టదు.

ఇటీవలి సంవత్సరాలనే చూడండి. 2021 నవంబరులో చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర ఏటిలో చిక్కుకున్నవారిని హెలికాప్టరుతో కాపాడవలసి వచ్చింది. 2022 అక్టోబరులో అనంతపురం పట్టణంలోని కాలనీలు నీట మునిగాయి. ఆ మరుసటి ఏడాదే, 2023 ఖరీఫ్‌లో, రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. వాటిలో మన జిల్లా మండలాలు కూడా ఉన్నాయి. వరద వెంట కరువు, కరువు వెంట వరద. ఇది ధాత కరువు నాటి కథ కాదు, కొత్త కథ.

3. స్త్రీలపై ఎక్కువ భారం ఎందుకు?

ఎండ ఆడవారినీ మగవారినీ వేరుగా చూడదు. మరి స్త్రీలకు నష్టం ఎక్కువ అని ఎందుకు అంటున్నాం? స్త్రీ శరీరం బలహీనమైనది కనుక అని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. కారణాలు మూడు ఉన్నాయి.

మొదటిది, పని విభజన. ఇంటికి నీళ్ళు, కట్టెలు, పశువులకు మేత, పిల్లలకు ముద్ద సమకూర్చే పని స్త్రీలదే అన్నది మన సమాజం పెట్టిన కట్టుబాటు. వాన తప్పినప్పుడు మొదట కరువయ్యేవి కూడా ఈ నాలుగే.

రెండవది, ఆస్తి. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సాగుదారులుగా నమోదైన వారిలో స్త్రీలు సుమారు 14 శాతం మాత్రమే. కలుపు తీసేది, కోత కోసేది, కాయ ఒలిచేది స్త్రీలు. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మాత్రం మగవారిది. పంట నష్టపరిహారం గానీ, బీమా గానీ, బ్యాంకు రుణం గానీ ఆ పుస్తకాన్నే అడుగుతాయి.

మూడవది, నిర్ణయాధికారం. బోరు వేయించాలా, ఏ పంట పెట్టాలి, అప్పు ఎవరి దగ్గర తేవాలి, వలస పోవాలా అనే మాటలు రచ్చబండ దగ్గర తేలిపోతాయి. వాటి ఫలితం మాత్రం వంటింటికి వస్తుంది.

ఇది మన దేశానికే పరిమితం కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2024లో ఒక నివేదిక విడుదల చేసింది. అధిక వేడి వల్ల పురుషులు నడిపే గ్రామీణ కుటుంబాల కన్నా స్త్రీలు నడిపే కుటుంబాలు సుమారు 8 శాతం ఎక్కువ ఆదాయం కోల్పోతున్నాయని అందులో తెలిపింది. ఎండ ఒకటే, ఆస్తి వేరు కాబట్టి నష్టం వేరయింది.

4. ఆరోగ్యంపై ప్రభావం

(అ) నీరు: చెరువులు, కుంటలు ఎండినకొద్దీ బోర్లు లోతుకు పోతాయి. లోతు రాతిపొరల్లోని నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉంటుంది. పళ్ళ మీద గోధుమరంగు చారలు, నడుము నొప్పి, వంగిన కాళ్ళు మన జిల్లాకు తెలియనివి కావు. 1990వ దశకం మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వందలాది గ్రామాలకు మంచినీరు అందించి ఈ బాధను కొంత తగ్గించింది. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ ఇంటింటికీ కొళాయి ఇవ్వాలన్నది. అయినా వేసవిలో కొళాయి ఆగిపోయిన రోజున బిందె ఎత్తేది ఎవరు? నిండు బిందె అంటే పదిహేను కిలోలకు పైమాటే. గర్భంతో ఉన్నప్పుడు, ప్రసవమైన కొత్తలో ఆ బరువు మోయడం నడుముకూ, గర్భాశయానికీ మంచిది కాదు. నీరు తక్కువైతే నెలసరి రోజుల్లో శుభ్రత తగ్గుతుంది. పొలంలో మరుగు లేదని ఉదయం నుండి నీళ్ళు తాగకుండా ఉండే కూలితల్లులు ఎందరో. దానివల్ల మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వస్తాయి. ఎండ ఎక్కువైన కొద్దీ ఇది మరింత ప్రమాదం.

(ఆ) వేడి: మన మడకశిర సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. కోస్తా వడగాలి ఇక్కడ ఉండదు. అయినా నిర్లక్ష్యం తగదు. 2015 మే నెలలో వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రజలే. వేడికీ, గర్భానికీ ఉన్న సంబంధం ఇటీవల బాగా తెలిసింది. 27 దేశాల్లో జరిగిన 70 పరిశోధనలను కలిపి 2020లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం సుమారు 5 శాతం పెరుగుతుంది. వడగాలుల రోజుల్లో సుమారు 16 శాతం పెరుగుతుంది. పక్కనే ఉన్న తమిళనాడులో 800 మంది గర్భిణులపై చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థ పరిశోధకులు అధ్యయనం చేశారు. అధిక వేడిలో పనిచేసేవారికి గర్భస్రావం ముప్పు రెట్టింపు ఉన్నట్లు అందులో తేలింది. వారు పనిచేసినవి పొలాలు, ఇటుకబట్టీలు, ఉప్పుమళ్ళు. మన అమ్మలూ అక్కలూ చేసే పనులూ అలాంటివే.

(ఇ) తిండి: పూర్వం మన ఇళ్ళలో రాగి ముద్ద, కొర్ర అన్నం, ఉలవచారు, అనపగింజల పులుసు ఉండేవి. వేరుశనగ ఒక్కటే పంట అయ్యాక ఇవి చేనులో తగ్గాయి. ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు దాదాపు ఎనిమిది లక్షల హెక్టార్లలో వేరుశనగే వేశారు. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఆకలి తీర్చింది. ఆ మేలు మరువరాదు. కానీ ఉత్త తెల్లన్నంలో ఇనుము, సున్నం తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. పంట పోయిన ఏడు ఇంట్లో మొదట తగ్గేవి పప్పు, పాలు, గుడ్డు. అందరూ తిన్నాక చివర తినేది అమ్మ. కనుక తగ్గినదంతా ఆమె పళ్ళెంలోనే తగ్గుతుంది.

(ఈ) మనసు: కరువు ఏళ్ళలో మన జిల్లాలో రైతుల ఆత్మహత్యలు ఎన్నో జరిగాయి. 2004లో ప్రభుత్వం జి.ఓ. 421 ద్వారా అలాంటి కుటుంబాలకు లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది. చనిపోయిన రైతు వార్త పేపర్లో వస్తుంది. ఆ తర్వాత అప్పులవాళ్ళకు జవాబు చెప్పుతూ, ఆఫీసుల చుట్టూ తిరుగుతూ, పిల్లల్ని పెంచే భార్య వార్త రాదు. ఆమె దిగులు, నిద్రలేమి కూడా ఆరోగ్య సమస్యలేనని మనం గుర్తించాలి.

5. పనిపై ప్రభావం

మన ప్రాంతపు స్త్రీల సంపాదన మూడు నాలుగు పనుల మీద ఆధారపడి ఉంది. వేరుశనగ కలుపు, కాయ ఒలుపు కూలి ఒకటి. పంట ఎండితే ఆ కూలి దినాలు పోతాయి. రెండవది చింతపండు కొట్టడం, గింజ తీయడం. మూడవది పట్టుపురుగుల పెంపకం. మడకశిర, హిందూపురం ప్రాంతాల్లో మల్బరీ ఆకు కోయడం, రోజుకు అనేకసార్లు మేత వేయడం, తట్టలు శుభ్రం చేయడం ఎక్కువగా ఆడవారి చేతిమీదే జరుగుతాయి. పట్టుపురుగుకు సుమారు 24 నుండి 28 డిగ్రీల వేడి సరిపోతుంది. అంతకు మించితే పురుగు మేత తినదు, రోగం వస్తుంది, గూడు పలుచనవుతుంది. అప్పుడు తడి గోనెపట్టాలు కట్టాలి, నేల తడపాలి. అంటే మరిన్ని బిందెల నీళ్ళు. వేడి పెరిగితే ఆదాయం తగ్గుతుంది, పని పెరుగుతుంది.

ధర్మవరంలో మరో రకం. అక్కడ గుంతమగ్గాల ఇళ్ళలోకి పెద్దవానకు నీరు ఊరితే పడుగు తడిసి, మగ్గం ఆగిపోతుంది. కండెలు చుట్టే, పడుగు సరిచేసే స్త్రీకి ఎక్కడా పేరు లేదు. మగ్గం ఆగితే ఆమె నష్టానికి లెక్కా లేదు.

పని లేనప్పుడు మిగిలేది వలస. మనకు మూడు వైపులా కర్ణాటకే కాబట్టి బెంగుళూరు బస్సు ఎక్కుతారు. మగవారు మాత్రమే పోతే ఇంటిలో సేద్యం, పశువులు, అత్తమామలు అన్నీ స్త్రీ మీదే. కుటుంబమంతా పోతే కట్టడాల దగ్గర రేకుల గుడిసెలో కాపురం. అక్కడ మరుగుదొడ్డి ఉండదు, అంగన్‌వాడీ ఉండదు, చంటిబిడ్డకు టీకా తేదీ తప్పుతుంది. కదిరి వైపు కరువు గ్రామాల నుండి పని ఇప్పిస్తామని నమ్మించి స్త్రీలను పూణే, ఢిల్లీ వంటి నగరాలకు అమ్మివేసిన దారుణాలు పత్రికల్లో అనేకసార్లు వచ్చాయి. వాన లేకపోవడం ఎంత దూరం తీసుకుపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

6. హక్కుల దృష్టితో

రాజ్యాంగం 14వ అధికరణ సమానత్వాన్ని, 21వ అధికరణ జీవించే హక్కును ఇచ్చాయి. 39(డి) సమాన పనికి సమాన వేతనం అన్నది. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఎం.కె. రంజిత్‌సింహ్ కేసులో, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుండి రక్షణ పొందే హక్కు ఈ 14, 21 అధికరణల్లోనే ఉందని చెప్పింది. ఆ కేసు బట్టమేక పిట్టను కాపాడడం గురించి వచ్చినది. మన రాయలసీమలో రోళ్ళపాడు అభయారణ్యం ఆ పిట్టకే పేరుపొందింది. పిట్ట కోసం వేసిన కేసు నుండి మనుషులకు ఒక హక్కు వచ్చింది.

అంతర్జాతీయంగా చూస్తే, స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒడంబడికను భారతదేశం 1993లో ధ్రువీకరించింది. దాని 14వ అధికరణ ప్రత్యేకంగా గ్రామీణ స్త్రీల గురించే. ఆ ఒడంబడిక కమిటీ 2018లో 37వ సాధారణ సిఫారసు ద్వారా విపత్తులు, వాతావరణ మార్పులలో స్త్రీల హక్కులను ఎలా కాపాడాలో ప్రభుత్వాలకు సూచించింది. 2015 పారిస్ ఒప్పందం పీఠికలో కూడా స్త్రీ పురుష సమానత్వం ప్రస్తావన ఉంది.

భూమి హక్కులో మన రాష్ట్రం ముందే అడుగు వేసింది. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం ద్వారా, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని హిందూ కుమార్తెలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు వచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. కుమార్తెకు ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టం వచ్చి నలభై ఏళ్ళవుతున్నా, పసుపుకుంకుమ కింద చీర పెట్టి సంతకం పెట్టించుకునే ఆచారం ఇంకా ఉంది.

పని హక్కు చూద్దాం. గ్రామీణ ఉపాధి హామీ పథకం దేశంలో మొదట ప్రారంభమైనది మన ఉమ్మడి జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. 2005 నాటి ఆ చట్టం ఏడాదికి 100 రోజుల పనికి హామీ ఇచ్చింది. కనీసం మూడవ వంతు స్త్రీలు ఉండాలన్నది. పనిస్థలంలో నీడ, తాగునీరు, ఐదుగురు చిన్నపిల్లలుంటే వారిని చూసుకునే ఆయా ఉండాలన్నది. ఊరు విడవకుండా సొంత చేతికి కూలి రావడం మన అమ్మలకు మొదటిసారి ఇక్కడే. 2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో 125 రోజుల హామీతో కొత్త చట్టాన్ని ఆమోదించింది. సాగు పనులు ముమ్మరంగా ఉండే కాలంలో ఏడాదికి 60 రోజుల వరకు పనులు ఆపే నిబంధన అందులో ఉంది. ఇక్కడ మనం ఆలోచించాలి. వాన ఏ కార్తెలో వస్తుందో తెలియని మన నేలలో, ముందే నిర్ణయించిన ఆ 60 రోజుల్లో చేనులో పని లేకపోతే కూలితల్లి ఎక్కడికి పోవాలి? ఆ తేదీలను నిర్ణయించేటప్పుడు కరువు మండలాల స్త్రీల మాట వినాలని అడగడం మన హక్కు.

ఇక ఆడపిల్లల పెళ్ళి. అదే ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్ళు నిండకుండానే పెళ్ళయింది. దేశ సగటు 23.3 శాతం. బాల్యవివాహాలకు కట్టుబాట్లు, కట్నం, భయం అన్నీ కారణాలే. పంట పోయిన ఏడు వీటికి మరో మాట తోడవుతుంది: "ఒక నోరు తగ్గుతుంది, వలస పోయేటప్పుడు వయసు పిల్లను ఎక్కడ వదిలేది?" అమ్మానాన్నలు చెడ్డవారు కాదు, వారికి దారి కనిపించక అలా అంటారు. ఆ దారి చూపేది ఏదో తర్వాత చెబుతాను.

7. ఒక జాగ్రత్త

ప్రతి కష్టానికీ వాతావరణమే కారణమని రాస్తే పరీక్షలో మార్కులు రావచ్చు గానీ నిజం దూరమవుతుంది. రక్తహీనత, బాల్యవివాహం, తక్కువ కూలి భూమి వేడెక్కకముందే ఉన్నాయి. వాతావరణ మార్పు కొత్త గాయం చేయడం కన్నా పాత గాయాన్ని పెద్దది చేస్తుందని చెప్పడమే సరైనది. అందులోనూ దళిత, గిరిజన, వెనుకబడిన కులాల స్త్రీలకు మూడింతలు. భూమి లేదు, ఉన్నా డి.పట్టా మెట్టభూమి, కాలనీ ఊరి చివర, కొళాయి పైపు చివర.

అందుకే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్‌ను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1927 మార్చి 20న మహద్‌లో చౌదారు చెరువు నీటిని వేలాదిమందితో కలిసి ఆయన తాగింది దాహం తీర్చుకోవడానికి కాదు, నీరు అందరి హక్కు అని చెప్పడానికి. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లును సమర్థిస్తూ మాట్లాడినదీ ఆయనే. నీటి హక్కు, గర్భిణి హక్కు రెండూ ఆయన బాటలోనే ఉన్నాయి. నేటి వాతావరణ న్యాయం అనే మాటకు అర్థం వెతకాలంటే మనం మహద్ నుండి మొదలుపెట్టవచ్చు.

8. మన దగ్గరే ఉన్న మార్గాలు

నిరాశ పడవలసిన పని లేదు. మన చుట్టుపక్కలే మంచి ఉదాహరణలున్నాయి.

చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ బీడుకొండలను మళ్ళీ పచ్చగా చేసింది. అక్కడి మహాశక్తి పొదుపు సంఘాలను స్త్రీలే నడుపుతున్నారు. ధరణి రైతు సహకార సంఘం చిరుధాన్యాలను కొని అమ్ముతున్నది. అప్పు కోసం వడ్డీవ్యాపారి గడప తొక్కని స్త్రీకి ఇంటిలో మాట చెల్లుతుంది.

2016 నుండి రాష్ట్రంలో సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం డ్వాక్రా సంఘాల ద్వారానే ఊళ్ళలోకి వెళ్ళింది. వానకు ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచే పద్ధతి మన కరువు నేలకు అనువైనది. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిలో భాగం లభించింది. కదిరి పరిశోధనా కేంద్రం బెట్టను తట్టుకునే 'కదిరి లేపాక్షి' వంటి వేరుశనగ రకాలను అందించింది. హంద్రీ–నీవా నీరు వచ్చిన చోట చెరువులు నిండి, బోర్లలో నీరు పైకి వస్తుంది. దూరప్రాంతపు పైపులతోపాటు మన కుంటలు, వంకలు బాగుచేసుకోవడం కూడా అంతే అవసరం. 2002 నాటి వాల్టా చట్టం ఇష్టం వచ్చినట్లు బోర్లు వేయకూడదని చెప్పింది. దాన్ని అమలు చేయమని గ్రామసభలో అడగవచ్చు.

9. హాస్టల్ విద్యార్థులుగా మన బాధ్యత

చదువుకున్న ఇంటి నుండి వచ్చినవారికి హాస్టల్ సీటు ఒక వసతి. మనలాంటి వారికి, కరువు ఏడున, అది రక్షణ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. అమ్మానాన్న వలస పోయిన రోజుల్లో నేను చదువు మానలేదంటే కారణం ఈ హాస్టల్లో మూడు పూటలా తిండి, పడుకోవడానికి చోటు, అడిగేవారు ఉండడమే. వాతావరణ మార్పును తట్టుకునే పథకాలు అంటూ పెద్ద పుస్తకాల్లో రాసే జాబితాలో సాంఘిక సంక్షేమ హాస్టల్ పేరు కనిపించదు. నా దృష్టిలో అది మొదటి వరుసలో ఉండాలి. బాల్యవివాహం గురించి చెప్పినప్పుడు దారి చూపేది ఒకటుందన్నాను. అది ఇదే. కరువు మండలంగా ప్రకటించిన చోట ఆడపిల్లలకు సీట్లు పెంచాలని, వేసవి సెలవుల్లో కూడా వలస కుటుంబాల పిల్లల కోసం హాస్టళ్ళు తెరిచి ఉంచాలని మనం అడగాలి. ఎందుకంటే చాలా పెళ్ళిచూపులు ఆ సెలవుల్లోనే జరుగుతాయి.

ఇక మనం చేయగలిగినవి:

1. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వారం రోజులపాటు ఒక నోటుపుస్తకంలో రాయండి. నీళ్ళు ఎవరు తెచ్చారు, ఎన్ని బిందెలు, ఎంతసేపు పట్టింది, చివర ఎవరు తిన్నారు. తమ్ముళ్ళు కూడా ఇది రాయాలి, రాసి ఊరుకోక బిందె అందుకోవాలి.

2. మీ ఊరి అవ్వలను అడిగి, పూర్వం ఏ కార్తెలో ఏ విత్తనం వేసేవారో, ఇప్పుడు ఎప్పుడు వేస్తున్నారో పట్టిక తయారు చేయండి. ఇది మంచి ప్రాజెక్టు పని అవుతుంది.

3. ఎండాకాలం కూలికి పోయే అమ్మకు ఉదయం తొందరగా పని మొదలుపెట్టమని, నీళ్ళసీసా, మజ్జిగ లేదా ఓ.ఆర్.ఎస్. తీసుకుపొమ్మని చెప్పండి. తలనొప్పి, వాంతి, మత్తు, చెమట ఆగిపోవడం వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, 108కి ఫోన్ చేయాలి.

4. హాస్టల్లో ఒక్క కొళాయి కారినా మన ఇంటి కొళాయి కారినట్లే భావించండి. నెలసరి రోజుల్లో నీరు చాలకపోతే సిగ్గుపడక వార్డెన్ మేడమ్‌తో చెప్పండి. 2021లో 'స్వేచ్ఛ' పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు నాప్‌కిన్లు ఇచ్చే కార్యక్రమం మొదలైంది. అడగడం తప్పు కాదు.

5. తోటి విద్యార్థినికి పెళ్ళి కుదిర్చారని తెలిస్తే 1098కి చెప్పవచ్చు. పేరు బయటపెట్టరు. హింస ఉంటే 181 ఉంది.

6. పూర్వ విద్యార్థులైన అన్నలకూ, అక్కలకూ ఒక మనవి. మీలో తహశీల్దారు కార్యాలయంలో, సచివాలయంలో, బ్యాంకులో, బడిలో పనిచేసేవారున్నారు. పాసుపుస్తకంలో భార్య పేరు, కూతురి పేరు చేర్చమని వచ్చిన అర్జీని పక్కన పెట్టకండి. మీ సొంత ఇంటి ఆస్తిలో అక్కచెల్లెళ్ళ భాగం ముందు ఇచ్చి చూపించండి.

ముగింపు

మేఘాన్ని మనం ఆజ్ఞాపించలేం. ఈ వేడికి ఎక్కువ కారణమైన ధనిక దేశాల పొగను మడకశిర నుండి ఆపలేం. కానీ వాన తప్పినప్పుడు ఆ భారం ఇంట్లో ఎవరి నెత్తిన పడాలన్నది మేఘం నిర్ణయించదు, మనం నిర్ణయిస్తాం. భూమి పత్రంలో పేరు, సమాన కూలి, చేరువలో నీరు, కడుపునిండా తిండి, పద్దెనిమిదేళ్ళు దాటేవరకు చదువు. ఈ ఐదూ ఉన్న స్త్రీ కరువును తట్టుకుంటుంది, తన ఇంటినీ నిలబెడుతుంది. వచ్చే వార్షికోత్సవ సంచికలో మీ నోటుపుస్తకాల్లోని లెక్కలతో మీలో ఒకరు ఈ వ్యాసాన్ని కొనసాగించాలని కోరుకుంటున్నాను.

ఆలోచించి జవాబులు రాయండి

1. కరువుకూ, శీతోష్ణస్థితి మార్పుకూ తేడా ఏమిటి? మీ ఊరి నుండి ఉదాహరణ ఇవ్వండి.
2. ఒకే ఎండలో పనిచేసినా స్త్రీకి నష్టం ఎక్కువ కావడానికి మూడు కారణాలు రాయండి.
3. వేడి పెరిగితే పట్టుపురుగులు పెంచే ఇంటిలో పని ఎందుకు పెరుగుతుంది?
4. మీ ఇంటి భూమి ఎవరి పేరున ఉంది? ఎందుకు?
5. మీ మండలానికి ఉపాధి పనులు ఆపే 60 రోజులను నిర్ణయించే అవకాశం మీకిస్తే ఏ కార్తెలు ఎంచుకుంటారు? మీ అమ్మను అడిగి రాయండి.